ఘనాలో చిన్న బంగారు గని: మా బావమరిది ముప్పై లక్షలు పెడతానంటున్నాడు, పెట్టనివ్వమంటారా?

#1 నూజివీడు_రసం
అందరికీ నమస్కారం. ఈ వేదికలో ఇన్నాళ్ళూ మామిడి తెగుళ్ళ గురించి తప్ప రాయలేదు. ఇవాళ వేరే గొడవ.

మా ఆవిడ తమ్ముడు హైదరాబాద్‌లో పాత జేసీబీలు కొని అమ్ముతుంటాడు. దుబాయ్‌లో ఎవరో పరిచయమయ్యాడట. ఆఫ్రికాలోని ఘనా దేశంలో పాతికెకరాల బంగారు గని లైసెన్సు ఉందనీ, మనం ముప్పై లక్షలు సర్ది రెండు పాత ఎక్స్‌కవేటర్లు దించితే వచ్చిన బంగారంలో నలభై శాతం మనదేననీ చెబుతున్నాడు. వాట్సాప్‌లో వీడియో వచ్చింది. ఒక కుర్రాడు రేకు పళ్ళెంలో శనగ్గింజంత పసుపు ముద్ద పెట్టుకుని నవ్వుతున్నాడు. అది చూసినప్పటి నుంచీ మావాడికి నిద్ర లేదు. మా అత్తగారు ఇల్లు తాకట్టు పెట్టడానికి సిద్ధం. వద్దన్నందుకు నేను ఓర్వలేనివాణ్ణయ్యాను.

అక్కడ ఉన్నవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి. ఈ చిన్న గనుల్లో నిజంగా డబ్బుందా? ఉంటే ఎవరికి మిగులుతుంది? టెన్షన్‌గా ఉంది.

#2 భీమారం_బుల్లోడు
స్కామ్. ఆపేయండి. తాళం వేసేయొచ్చు ఈ చర్చకి.

#3 బోరు_శీనయ్య
తాళం అప్పుడే వద్దు బుల్లోడూ. స్కామ్ అయితే అవొచ్చు, కానీ గని అబద్ధం కాదు. అక్కడ బంగారం నిజం, డబ్బు నిజం. అందుకే మోసం కూడా నమ్మేలా ఉంటుంది.

నేను 2012 నుంచి ఘనాలో బోర్లు వేస్తున్నాను, మధ్యలో రెండేళ్ళు ఇంటి దగ్గరున్నా. బంగారం పని ఎప్పుడూ చెయ్యలేదు. కానీ తార్క్వా, ప్రెస్టియా, డంక్వా చుట్టుపక్కల మా రిగ్గు దిగని ఊరు తక్కువ. చూసింది చెబుతా.

అక్కడ ఈ పనిని గలాంసే అంటారు. 'ఏరి పోగేసి అమ్ము' అనే ఇంగ్లీషు మాటలు నోట్లో నలిగి అలా అయ్యాయంటారు. అసలు అర్థం లైసెన్సు లేని తవ్వకం. జనం మాత్రం చిన్న తవ్వకం ఏదైనా అదే పేరు పెట్టి పిలుస్తారు. 1989లో చట్టం తెచ్చి చిన్నవాళ్ళకూ లైసెన్సు ఇవ్వడం మొదలెట్టారు. 2006 నాటి గనుల చట్టం ప్రకారం ఆ లైసెన్సు ఘనా పౌరులకే, పద్దెనిమిది నిండినవాళ్ళకే. మీ బావమరిది ఈ రెండింట్లో రెండోది మాత్రమే.

పని ఎలా ఉంటుందంటే, ఏటి పక్క పల్లపు నేలలో పైమట్టి తీసేస్తే అడుగున గులకరాళ్ళ పొర తగులుతుంది. బంగారం ఆ పొరలో ఉంటుంది. ఎక్స్‌కవేటర్ ఆ రాళ్ళు ఎత్తి వాలుగా పెట్టిన పెద్ద రేకు తొట్టిలో పోస్తుంది, పంపుతో నీళ్ళు కొడతారు. తేలిక మట్టి కొట్టుకుపోతుంది, బరువైన నల్లిసుక అడుగున పరిచిన తివాచీ పీచులో చిక్కుకుంటుంది. రోజంతా డీజిలు కాలుతూనే ఉంటుంది. సాయంత్రం తివాచీలు తీసి తొట్టెలో ఉతుకుతారు, మన చాకలి రేవులో దుప్పట్లు ఉతికినట్టే. అప్పుడుగానీ ఆ రోజు పంట పండిందో ఎండిందో తెలియదు. ఉతికేటప్పుడు యజమాని మనిషి ఒకడు పక్కన నిలబడి కళ్ళార్పకుండా చూస్తుంటాడు. అక్కడ జీతం వచ్చేది ఆ చూసేవాడికే. మిగతావాళ్ళందరికీ వాటా.

#4 నూజివీడు_రసం
శీనయ్య గారూ, చాలా థ్యాంక్స్ అండి. మరి లైసెన్సు కాపీ పంపాడు, ప్రభుత్వ ముద్ర కూడా ఉంది. పౌరుడి పేరు మీదే ఉంది, మనం యంత్రాలు ఇచ్చే భాగస్వాములమట. అది కుదరదా?

#5 బోరు_శీనయ్య
యంత్రాలు అద్దెకివ్వడానికీ సలహాలకీ వేరే అనుమతులు ఉన్నాయి. ఆ సందులోంచే విదేశీయులు దూరారు. చైనాలో గ్వాంగ్‌షీ రాష్ట్రంలో షాంగ్లిన్ అనే ఒక్క తాలూకా నుంచే వేల మంది దిగారు, యాభై వేలని కూడా అంచనాలున్నాయి. ఆ ఎక్స్‌కవేటర్లూ, ఏట్లో తేలుతూ ఇసుక పీల్చే పడవ యంత్రాలూ వాళ్ళతోనే ఊపందుకున్నాయి. అంతకుముందు పార, పళ్ళెంతో నెల రోజులు చేసే పనిని ఇవి ఒక్క పూటలో చేశాయి. 2013లో సైన్యాన్ని దింపి నాలుగున్నర వేల పైచిలుకు మందిని తిరిగి పంపేశారు. మనుషులు పోయారు, యంత్రాలు ఉండిపోయాయి.

2019లో చట్టం ఇంకా బిగించారు. అనుమతి లేకుండా తవ్వితే స్థానికుడికి 15 నుంచి 25 ఏళ్ళ జైలు, విదేశీయుడికి 20 నుంచి 25. లైసెన్సులో వాటా పేరుతో ముప్పై లక్షలు పెట్టిన మీవాడు పట్టుబడితే, లైసెన్సున్న పౌరుడు 'ఈయనెవరో నాకు తెలియదు' అంటాడు. అంతే.

#6 లెక్కల_మాస్టారు
నేను డిగ్రీ కాలేజీలో ఎకనామిక్స్ చెబుతాను. బావమరిది సంగతి శీనయ్య గారు తేల్చేశారు కాబట్టి, #1లో అడిగిన రెండో ప్రశ్న నాకు ముఖ్యం: ఎవరికి మిగులుతుంది?

ప్రపంచంలో ఏటా తవ్వే బంగారంలో ఐదో వంతు దాకా ఇలాంటి చిన్న తవ్వకాల నుంచే వస్తుంది. కోటి నుంచి రెండు కోట్ల మంది ఈ పని మీద ఉన్నారని అంచనా. పెద్ద కంపెనీల గనుల్లో ఇందులో చిన్న భాగానికి కూడా ఉద్యోగాలు లేవు. ఘనాలోనే పది లక్షల మంది నేరుగా ఈ పని చేస్తారని సాధారణంగా చెప్పే లెక్క. 2024లో ఆ దేశంలో తీసిన 48 లక్షల ఔన్సుల్లో 19 లక్షలు చిన్నవాళ్ళవే. అంటే ఇది దొంగచాటు వ్యాపారంలా కనిపించే ప్రధాన పరిశ్రమ.

నాకు ఇందులో అన్నిటికంటే ఇష్టమైన కథ పన్నుది. క్లాసులో ప్రతి ఏడూ చెబుతాను. చిన్నవాళ్ళు అమ్మే బంగారం మీద 2019లో మూడు శాతం పన్ను వేశారు. మూడే కదా అనుకున్నారు. 2020లో చిన్నవాళ్ళ లెక్కలో దాదాపు 12 లక్షల ఔన్సులు ఉన్నాయి. 2021లో లక్ష కూడా లేవు. బంగారం భూమిలోకి తిరిగి వెళ్ళిపోలేదు కదా! ప్రభుత్వ దారి వదిలి జేబుల్లోకీ, సరిహద్దులు దాటి దుబాయ్ విమానాల్లోకీ వెళ్ళింది. 2022లో పన్ను సగానికి తగ్గించారు, 2025లో ఎత్తేశారు. జేబులో పట్టే సరుకు మీద పన్ను వేస్తే ఏమవుతుందో ఇంత శుభ్రంగా చూపించే ఉదాహరణ నాకు మరొకటి దొరకలేదు.

#7 తుగ్గలి_రైతుబిడ్డ
మాస్టారూ, మా పక్క దీనికి డిగ్రీ కాలేజీ అక్కర్లేదు సామీ. తొలకరి పడితే చాలు, తుగ్గలి, జొన్నగిరి, మద్దికెర చేలల్లోకి ఎక్కడెక్కడి నుంచో జనం వచ్చి వజ్రాలు వెతుకుతారు. వంగి నడిచేవాళ్ళు, సద్ది కట్టుకుని పిల్లలతో వచ్చేవాళ్ళు. రాయి దొరికినోడు దాన్ని గుప్పిట్లో పెట్టుకుని ముందు చేసే పని ఏమి? పోలీసోళ్ళకు తెలియక ముందే వ్యాపారి దగ్గరికి పరిగెత్తడం. వ్యాపారికి తెలుసు వీడు రేపటి దాకా ఆగలేడని. ధర అక్కడే తెగుతుంది. చట్టం భయం ఎంత ఎక్కువైతే కొనేవాడికి అంత చవక.

మళ్ళీ ఆ చేను రైతుకు ఏమొస్తుంది? తొక్కిన విత్తనం. మా నాయన కట్టె పట్టుకుని కాపలా ఉంటాడు జూన్ నెలంతా.

#8 పొద్దుటూరు_కుంపటి
నాలుగు తరాలుగా మేం కంసాలి పని. ఇంతసేపూ చదువుతున్నా, ఒక్కరూ మేలిమి గురించి అడగలేదే. ఆ శనగ్గింజ ముద్ద ఎన్ని క్యారెట్లు? పల్లెటూరి గుంత దగ్గర ఎలా తేలుస్తారు? మాకైతే గీటురాయి ఉంది, ఇప్పుడు మిషన్లు వచ్చాయి. శీనయ్యన్నా, నువ్వు చూశావా?

#9 బోరు_శీనయ్య
చూశా అన్నా, ఒకసారి కాదు. బంగారం కొనే అంగళ్ళు గుంతల దగ్గరి ఊళ్ళల్లో మన పాన్ డబ్బాల్లా ఉంటాయి. బల్ల మీద చిన్న డిజిటల్ తూకం, పక్కన గ్లాసులో నీళ్ళు, ఒక దారం. ముద్దను ముందు గాలిలో తూస్తాడు, తర్వాత దారం కట్టి నీళ్ళలో ముంచి తూస్తాడు. తగ్గిన బరువుతో మొదటి బరువును భాగిస్తాడు. యాభై గ్రాముల ముద్ద నీళ్ళలో 2.85 తగ్గితే పదిహేడున్నర వస్తుంది. స్వచ్ఛమైనదైతే 2.59 మాత్రమే తగ్గాలి, పందొమ్మిది పాయింట్ మూడు రావాలి. గోడకి అంటించిన కాగితంలో ఆ అంకెకి ఎదురుగా క్యారెట్ రాసి ఉంటుంది.

ఇంకో విచిత్రం. అక్కడ బంగారాన్ని 'పౌండు'లో తూస్తారు. మామూలు పౌండు కాదు. వాళ్ళ బంగారం పౌండు 7.75 గ్రాములు. మన తులంలా అనుకోండి. గుంతలో చిన్న పిల్లాడికి కూడా తెలుసు ఆ లెక్క.

#10 పొద్దుటూరు_కుంపటి
యాభైకి 2.85 అంటే, కలిసింది వెండి అనుకుంటే ఇరవై ఒకటి క్యారెట్ దగ్గర. బాగానే ఉంది సరుకు. కానీ లోపల ఇసుక రేణువు ఉన్నా, గాలి బుడగ చిక్కినా ఆ తూకం తక్కువ చూపిస్తుంది, కొనేవాడికే లాభం. తూకం వాడిది, నీళ్ళు వాడివి, గోడ మీద కాగితమూ వాడిదే!

#11 టకొరాడి_లక్ష్మి
తమ్ముళ్ళూ, నేను పడమటి తీరంలో టకొరాడిలో తొమ్మిదేళ్ళుగా ఉంటున్నాను. మావారి ఉద్యోగం ఓడరేవు దగ్గర. బంగారం లెక్కలు నాకు తెలియవు, నీళ్ళ లెక్క తెలుసు.

మాకు నీళ్ళొచ్చేది ప్రా నది నుంచి. ఇక్కడికి వచ్చిన కొత్తలో కుళాయి తిప్పితే మామూలు నీళ్ళే వచ్చేవి. ఇప్పుడు కొన్ని వారాలు పాల టీ రంగు. తెల్ల చీరలు కట్టడం మానేశాను, అది చిన్న విషయం అనుకోండి. బిందె అడుగున వేలితో గీస్తే గీత పడేంత ఒండ్రు. మా పనమ్మాయి కుండలో పటిక ముక్క తిప్పుతుంటే మా అమ్మమ్మ చిల్లగింజ అరగదీసి గోదావరి వరద నీళ్ళు తేర్చడం గుర్తొస్తుంది. అది ఏడాదికి రెండు నెలలు. ఇక్కడ సంవత్సరమంతా వరద నీళ్ళే.

2024 ఆగస్టులో నీటి సంస్థే ప్రకటన ఇచ్చింది. మాకు తూర్పున కేప్ కోస్ట్ పట్టణానికి నీళ్ళిచ్చే సెక్యెరె హెమాంగ్ కేంద్రం 2,000 దాకా మురికి కొలతను తట్టుకునేలా కట్టారట. వచ్చే నీళ్ళు సగటున 14,000. సరఫరా నాలుగో వంతుకు పడిపోయింది. బంగారం తవ్వినవాడి లాభనష్టాల్లో నా పటిక ఖర్చు, ఆ నీటి కేంద్రం ఖర్చు ఎక్కడ రాస్తారు మాస్టారూ?

#12 లెక్కల_మాస్టారు
ఎక్కడా రాయరమ్మా. రాస్తే చాలా గుంతలు నష్టంలో ఉన్నట్టు తేలుతుంది. మీ ప్రశ్నకి ఇంతకంటే మర్యాదైన జవాబు నా దగ్గర లేదు.

#13 తుగ్గలి_రైతుబిడ్డ
అక్కా, నీళ్ళ కష్టం నిజమే. కానీ ప్రతిసారీ తవ్వే పేదోణ్ణే నిలదీస్తారు. పెద్ద కంపెనీ కొండను మింగితే 'పెట్టుబడి', వీడు గుంత తీస్తే 'విధ్వంసం'. మా జొన్నగిరిలో ఇప్పుడు ప్రైవేటు బంగారు గని వచ్చింది, దానికి అన్ని అనుమతులూ ఉన్నాయి. వజ్రం ఏరుకునే కూలోడికి ఒక్క కాగితం ఇచ్చే ఆఫీసు ఎక్కడుందో చెప్పండి.

#14 టకొరాడి_లక్ష్మి
పేదవాడి దగ్గర ఎక్స్‌కవేటర్ ఉంటుందా తమ్ముడూ? గంటకి ఎన్ని లీటర్ల డీజిలు తాగుతుందో మీ ఊరి జేసీబీ అబ్బాయిని అడుగు. పారతో తవ్వినవాడు ఏరుని చంపలేదు. వాడి వెనక నిలబడ్డ డబ్బు చంపింది.

#15 బోరు_శీనయ్య
అక్క చెప్పిన డబ్బు సంగతి చెబుతా, అసలు విషయం అదే అని నా నమ్మకం.

డంక్వా దగ్గర ఒక ఊళ్ళో బడికి బోరు వేస్తూ పన్నెండు రోజులు ఉన్నాం. మేం దిగిన ఇంటి కుర్రాడు గుంతలో పని చేసేవాడు. వాడు చెప్పిన లెక్క ఇది. డీజిలు, బియ్యం, పంపు, యంత్రం అద్దె అన్నీ 'స్పాన్సర్' పెడతాడు. ఎక్కువసార్లు ఆ స్పాన్సరే బంగారం కొనేవాడు కూడా. సాయంత్రం ముద్ద రాగానే ముందు డీజిలు బాకీ కోస్తారు. తర్వాత యంత్రం వాటా, నేల వాటా, కాపలా వాటా. ఇంకో చీటీ ఉంటుంది, దాని మీద పేరు రాయరు, ఏ బండి ఆగకుండా పోవడానికి అది. మిగిలిన దాన్ని గుంపు పంచుకుంటుంది. బంగారం పడని వారం బాకీ పెరుగుతుంది. బాకీ ఉన్నవాడు బంగారం వేరే అంగడికి తీసుకెళ్ళలేడు, ధర ఎంతంటే అంతే. మన పల్లెల్లో ఎరువుల కొట్టువాడికే పత్తి అమ్మే రైతు కథ ఇదే కదా. అందుకే నేను గలాంసే అంటే తవ్వకం అనను, అప్పు అంటాను.

అయినా ఆ కుర్రాడు ఆ ఏడాది ఇంటికి రేకులు వేయించాడు. చెల్లెల్ని నర్సింగ్‌లో చేర్చాడు. తాపీ పనికి వెళ్తే వచ్చేది దీనికి దరిదాపుల్లో లేదన్నాడు. గుంతల చుట్టూ ఊరు మొత్తం బతుకుతోంది. తల మీద బేసిన్‌తో మట్టి మోసే ఆడవాళ్ళు, మొక్కజొన్న పిండి ముద్దలు అమ్మే అవ్వ, ఫోన్లు చార్జింగ్ పెట్టే కొట్టు, మోటార్ సైకిల్ మెకానిక్. సైన్యం వచ్చి పంపులు కాల్చిపోయిన వారం ఆ అవ్వ కుండ నిండా ముద్దలు అలాగే మిగిలిపోయాయి.

#16 భీమారం_బుల్లోడు
ఆగండి. నేను తాళం వేయమన్నవాణ్ణే, ఇప్పుడు నాకే ఒక డౌటు. గుంత తీసే నేల ఎవరిది? రైతు ఎందుకు ఇస్తున్నాడు?

#17 బోరు_శీనయ్య
ఎక్కువగా కోకో తోటలు. నేల సంప్రదాయంగా ఊరి గద్దెది, అంటే రాజుగారిది అనుకో. దున్నేవాడిది కౌలు: సగం పంట ఇచ్చే పద్ధతిని అబును అంటారు, మూడో వంతుదాన్ని అబుసా. కింద ఉన్న ఖనిజం మాత్రం దేశానిది. అంటే ఒకే చెక్క మీద ముగ్గురు పెత్తనందార్లు. గుంత బేరం వచ్చినప్పుడు ముందు కూర్చునేది రాజుగారి మనుషులు, చెట్లు పెంచిన కౌలు రైతు చివర్న.

#18 భీమారం_బుల్లోడు
ఓహో, ఇది మా చెరువుల కథే! మా వైపు వరి చేలు రొయ్యల చెరువులైన తీరు ఇంతే. ఒకడు తవ్వించాడు. పక్క చేనుకి ఉప్పు ఊరింది. పక్కవాడు రెండు పంటలు ఓర్చుకుని, ఇక లాభం లేదని తనూ లీజుకిచ్చాడు. వాడికి ఆశ లేదు, దారి లేదు. చెరువు లీజు డబ్బు ఉగాదికి చేతిలో పడుతుంది, వడ్లు అమ్మితే మిల్లు చుట్టూ తిరగాలి.

ఒక్క తేడా. చెరువు పూడిస్తే ఎప్పటికో మళ్ళీ వరి పండొచ్చు అని మా తాతలు అంటారు. ఆ గుంతలు పూడుస్తారా?

#19 బోరు_శీనయ్య
చట్టం పూడ్చమంటుంది. నేను చూసినవి ఎక్కువ తెరిచే ఉన్నాయి, నీళ్ళు నిండి, అంచున గట్టు కూడా లేకుండా. పైమట్టి కింద పడి గులకరాయి పైకొచ్చాక అక్కడ తుమ్మ కూడా మొలవదు.

కోకో ధర సంగతి కూడా చెప్పాలి. అక్కడ రైతుకి రేటు ప్రభుత్వమే కడుతుంది. 2024 ఏప్రిల్‌లో బయటి మార్కెట్లో టన్ను కోకో పదివేల డాలర్లు దాటింది. ఆ నెలలో పెంచాక కూడా రైతుకి బస్తాకి 2,070 సెడీలు (సెడీ అంటే అక్కడి కరెన్సీ), టన్నుకి 33,120 సెడీలు. అప్పటి మారకంలో అది సుమారు రెండున్నర వేల డాలర్లు. పైగా చెట్లకి తెగులు. అలాంటి రోజుల్లో ఎవడో వచ్చి నోట్ల కట్ట బల్ల మీద పెడితే కాదనడానికి గుండె కావాలి.

#20 పొద్దుటూరు_కుంపటి
పాదరసం సంగతి ఎవరూ ఎత్తలేదు, నేనే ఎత్తుతా. ఆ పసుపు ముద్ద ఎలా వచ్చిందో తెలుసా రసం గారూ? నల్లిసుకలో పాదరసం పోసి చేత్తో పిసుకుతారు. బంగారాన్ని అది పట్టుకుంటుంది. గుడ్డలో వేసి పిండితే వెండి రంగు ముద్ద మిగులుతుంది, అందులో సుమారు సగం పాదరసమే. దాన్ని మంట మీద పెడితే పాదరసం ఆవిరైపోయి పసుపు బయటపడుతుంది. మా నాన్నగారి కాలంలో మలామా పనికి, అంటే బంగారు పూతకి వాడేవాళ్ళు, ఆ పని చేసిన మా పెద్దనాన్నకి చేతులు వణికేవి. టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకునేవాడు. వయసు అనుకున్నాం అందరం.

#21 లెక్కల_మాస్టారు
కుంపటి గారు చెప్పింది ప్రపంచ స్థాయిలో కూడా పెద్ద అంకే. మనుషుల పనుల వల్ల గాలిలో కలిసే పాదరసంలో మూడో వంతుకు పైగా ఈ చిన్న బంగారు తవ్వకాలదే, బొగ్గు కాల్చడం కంటే ఎక్కువ. పాదరసం వాడకాన్ని తగ్గించడానికి 2017లో అమల్లోకొచ్చిన మినమాటా అంతర్జాతీయ ఒప్పందంలో ఘనా కూడా ఉంది. తమాషా ఏమిటంటే, 1989లో చిన్న గనులకు లైసెన్సులిచ్చినప్పుడే, పాదరసం కొనుక్కోవడానికి వీలిచ్చే చట్టం కూడా అదే ఊపులో చేశారు.

ఆవిరిని పట్టి చల్లార్చి మళ్ళీ పాదరసం చేసే మూత గిన్నెలున్నాయి. ఖరీదు కూడా పెద్దది కాదు.

#22 బోరు_శీనయ్య
ఉన్నాయి మాస్టారూ, పంచారు కూడా. ఒక ఇంట్లో దాన్ని తలుపుకి అడ్డం పెట్టడం చూశా. ఎందుకు వాడవని అడిగితే, మూత వేస్తే లోపల బంగారం కనపడదు, పక్కవాడు దొంగిలించాడంటాడు అన్నాడు. పదిమంది వాటాదార్ల ముందు కాల్చేటప్పుడు అందరికీ కనపడాలి. అక్కడ కావాల్సింది గాజు మూత. ఇంజనీర్లకి ఇది తట్టిందో లేదో.

#23 హన్మకొండ_హరి
కొత్తగా వచ్చాను, మొత్తం చదివాను. ఇంత నష్టం ఉంటే పూర్తిగా నిషేధించి పారేయొచ్చుగా?

#24 లెక్కల_మాస్టారు
చేశారు హరీ. 2017 ఏప్రిల్‌లో చిన్న తవ్వకాలన్నీ ఆపేశారు, లైసెన్సు ఉన్నవాళ్ళవి కూడా. ఆపరేషన్ వాన్‌గార్డ్ అని సైన్యాన్ని, పోలీసుల్ని కలిపి దింపారు. 2018 డిసెంబర్‌లో ఎత్తేశారు. నిషేధంలో ఇంట్లో కూర్చున్నది లైసెన్సు ఉన్నవాడు. బాకీ కట్టలేక మూతపడ్డాడు. లేనివాడు రాత్రి పూట తవ్వాడు. నిజాయితీ ఖరీదు పెంచారన్నమాట.

ఇప్పుడు దారి మార్చారు. 2025లో గోల్డ్‌బాడ్ అని బోర్డు పెట్టి, చిన్నవాళ్ళ బంగారం కొని ఎగుమతి చేసే హక్కు దానికే ఇచ్చారు. ఏప్రిల్ నెలాఖరుకి విదేశీయులు స్థానిక బంగారు మార్కెట్ నుంచి తప్పుకోవాలన్నారు. దీని వెనక పెద్ద అవసరం ఉంది. 2022లో ఆ దేశం అప్పులు కట్టలేక చేతులెత్తేసింది. సెడీలు ఇచ్చి గుంతల బంగారం కొంటే అది డాలరవుతుంది. వాళ్ళ కేంద్ర బ్యాంకు దగ్గర 2021లో తొమ్మిది టన్నుల లోపున్న బంగారం నాలుగేళ్ళలో ముప్పై టన్నులు దాటింది. 2025లో సెడీ బలపడ్డప్పుడు ఆ గుంతల మట్టికి కూడా అందులో వాటా ఉంది. మరోవైపు, ఈ కొనుగోళ్ళలో ఆ ఏడాది మొదటి తొమ్మిది నెలల్లో 21 కోట్ల డాలర్ల పైన నష్టమొచ్చిందని ఐఎంఎఫ్ రాసింది, బోర్డు కాదంది.

రసం గారూ, మీ దుబాయ్ పెద్దమనిషికి చిక్కంతా అక్కడే అయ్యుండొచ్చు. స్విస్ ఎయిడ్ అనే సంస్థ లెక్క ప్రకారం ఐదేళ్ళలో ఘనా నుంచి 229 టన్నుల బంగారం పుస్తకాల్లోకి ఎక్కకుండా పోయింది, ఎక్కువ భాగం దుబాయ్‌కే. ఆ దారి ఇరుకైంది. ఇరుకైన వ్యాపారానికి కొత్త డబ్బు వెతుక్కుంటారు.

#25 కోలారు_మనవడు
మా తాత చిత్తూరు వైపు నుంచి కేజీఎఫ్‌కి వెళ్ళి ఛాంపియన్ రీఫ్‌లో పనిచేశాడు. పెద్ద గని మంచిదని ఎవరో అనబోతారని ముందే చెబుతున్నా. క్వార్టర్సు, ఆసుపత్రి, క్లబ్బు అన్నీ ఉండేవి. 2001 ఫిబ్రవరి 28న మూసేశారు. మిగిలింది సైనైడ్ దిబ్బలు, ఎండాకాలం గాలికి లేచే ఆ దుమ్ము, పొద్దున్నే బెంగళూరు రైలెక్కే జనం. మా తాత రైలు కూడా ఎక్కలేని వయసులో ఉన్నాడు.

#26 బోరు_శీనయ్య
ఘనాలో ఒబువాసీ అనే ఊరి గనిదీ ఆ కథే తమ్ముడూ, కొంచెం మలుపుతో. వందేళ్ళ పైబడిన గని 2014లో పని ఆపి వేలమందిని పంపేసింది. 2016లో ఊరివాళ్ళే కంచె దాటి లోపలికెళ్ళి తవ్వుకున్నారు. లోపల ఎక్కడేముందో వాళ్ళకే బాగా తెలుసు, అంతకుముందు జీతానికి తవ్వింది వాళ్ళే. 2019లో మళ్ళీ తెరిచారు. 2025 ఆగస్టులో ఇద్దరు మంత్రులున్న సైనిక హెలికాప్టర్ కూలి అందరూ పోయారు కదా, వాళ్ళు బయల్దేరింది ఆ ఊరికే, చిన్న తవ్వకాలను సహకార పద్ధతిలోకి తెచ్చే కార్యక్రమం ప్రారంభించడానికి. ఆ రోజు మా రిగ్గు ఆపేశాం. ఎవరూ చెప్పలేదు, కుర్రాళ్ళే ఆపేశారు.

#27 నూజివీడు_రసం
అందరికీ చేతులెత్తి దండం. ప్రింటు తీసి అత్తగారికి చదివి వినిపించాను. ఆవిడ 'ఇరవై ఏళ్ళ జైలు' దగ్గర ఆగి రెండుసార్లు చదివించుకున్నారు. మావాడు మాత్రం "వాళ్ళంతా చేతకాక చెబుతున్నారు బావా" అన్నాడు. శీనయ్య గారూ, వాడికి నచ్చేలా ఒక్క మాట చెప్పగలరా?

#28 బోరు_శీనయ్య
మాట కాదు, ఒక ప్రశ్న ఇస్తా. ఆ దుబాయ్ మనిషికి ఫోన్ చేసి, "అక్కడ పౌండు బంగారం అంటే ఎన్ని గ్రాములు?" అని అడగమనండి. పైన రాశాను, మీవాడికి ముందు చెప్పకండి.

#29 పొద్దుటూరు_కుంపటి
హహ. తూకం రాయి బాగా వేశావు అన్నా.

#30 టకొరాడి_లక్ష్మి
శీనయ్య తమ్ముడూ, టకొరాడి వైపు వస్తే మా ఇంటికి రా. పెరట్లో బోరు వేయాలి, ఇక ఆ కుళాయిని నమ్ముకోలేను. రేటు సరిగ్గా చెప్పాలి మరి.

#31 నూజివీడు_రసం
స్పీకర్ ఆన్ చేసి నా ముందే అడిగాడండి. అవతల కాసేపు నిశ్శబ్దం. తర్వాత "నాలుగు వందల యాభై మూడు, అందరికీ తెలిసిందేగా భాయ్" అన్నాడు. మావాడు ఫోన్ పెట్టేసి లోపలికెళ్ళి పడుకున్నాడు. అన్నానికి కూడా లేవలేదు.

ఇవాళ పొద్దున కాఫీ తాగుతూ, టాంజానియా ఎలా ఉంటుంది బావా అని అడిగాడు. అక్కడ ఎవరైనా ఉన్నారా?